జాలపాదములు

బాతు కాలివ్రేళ్ళ నడుమ తోలు ఎందుకున్నదని తరగతిలో అడిగినచో పిల్లలందరును ఒక్కమాటగా "ఈదుటకు" అని చెప్పుదురు. సరియైన సమాధానమే. అయితే ఆ తోలు ఎట్లు వచ్చినదని రెండవ ప్రశ్న వేసి చూడుడు. "బాతు తరతరములుగా నీటిలో ఈదినది, ఈదునప్పుడు వ్రేళ్ళను బాగుగా చాపినది, చాపగా చాపగా నడుమ చర్మము సాగినది" అని చాలమంది చెప్పుదురు. పిల్లలే కాదు, చదువుకొన్న పెద్దలును ఈ మాటనే అందురు. వినుటకు ఇది ఎంతో సహజముగా నుండును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1809లో ప్రకటించిన గ్రంథములో సరిగా ఈ ఉదాహరణమునే ఈ విధముగానే వివరించెను. జీవజాతులు స్థిరములు కావు, కాలక్రమమున మారుచుండునని ఆ రోజులలోనే ధైర్యముగా చెప్పిన మహానుభావుడాయన. కాని బాతుపాదము విషయమున ఆయన చెప్పిన కారణము నిలువలేదు. ఎందుకు నిలువలేదో తెలుసుకొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో నీరున్న చెరువు గట్టున నిలిచి పక్షుల కాళ్ళను చూచిన సగము తెలియును. మిగిలిన సగము కోడిగ్రుడ్డులో కనబడును.

జాలపాదమనునది సంస్కృతములోని పాతమాట. జాలమనగా వల. వ్రేళ్ళ నడుమ వలవలె తోలు పరచియున్న పాదము గల పక్షికి, ముఖ్యముగా హంసకు, ఆ పేరు వచ్చినది. ధర్మశాస్త్రములలో తినదగని పక్షులను చెప్పునప్పుడు ముక్కుతో పొడుచునవి, గోళ్ళతో నేలను చిమ్మునవి, జాలపాదములు అని విభజించిరి. ఆహారనియమము సంగతి ఎట్లున్నను, పక్షిని దాని ముక్కును బట్టి, కాలిని బట్టి వర్గీకరింపవచ్చునని మన ప్రాచీనులు గుర్తించుట గమనింపదగినది. ఈ వ్యాసములో వ్రేళ్ళ నడుమనున్న తోలును జాలమనియే వ్యవహరింతము.

రాయలసీమ అనగానే ఎండిన నేల మనసునకు వచ్చును. నీటిపక్షుల ముచ్చట ఇచ్చట ఏమున్నదని అనిపించవచ్చును. కాని ఎండిన సీమ గనుకనే మన పూర్వులు ఊరూర చెరువు త్రవ్వించిరి. తిరుపతికి సమీపమున రాయలచెరువు వంటి పెద్ద చెరువు మొదలు పేరైనను లేని చిన్న కుంట వరకు, వానలు పడిన ఏడు ఏ నీటిలో చూచినను పక్షి ఉండును. చిత్తూరు సీమ కొండలలో పుట్టిన అరణి నది పిచ్చాటూరు మీదుగా పోయి పులికాటు సరస్సులో కలియును. కాళంగి నదియు అందులోనే పడును. పులికాటు, ఒడిశాలోని చిలకా తరువాత, భారతదేశమున రెండవ పెద్ద ఉప్పునీటి కయ్య. దానికిని బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగా నిలిచియున్నది. సూళ్ళూరుపేటకు ఉత్తరమున, దొరవారిసత్రము దగ్గర నేలపట్టు చెరువు కలదు. సుమారు 459 హెక్టార్ల ఈ ప్రదేశమును 1976లో పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. ఇవి మొదట నెల్లూరు జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నేలపట్టును, పులికాటులో ఆంధ్రప్రదేశమునకు చెందిన భాగములో చాలవరకును ఈ జిల్లాలోనికి వచ్చినవి. కనుక తిరుపతి విద్యార్థికి ఇప్పుడు సొంత జిల్లాలోనే జాలపాదముల ప్రదర్శనశాల ఒకటి ఉన్నదనవచ్చును.

మొదట కోడికాలిని పరిశీలింతము. మాంసపు దుకాణములో అడిగిన ఉచితముగానే దొరకును. ముందునకు మూడు వ్రేళ్ళు, వెనుకకు ఒకటి. పక్షులలో సామాన్యమైన అమరిక ఇది. వ్రేళ్ళు మొదలంట విడివడియున్నవి. మొదళ్ళ వద్ద మాత్రము కొంచెము చర్మము మిగిలియుండును. ఈ కొంచెపు చర్మమును గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు పని పడును.

బాతు కాలిలో ముందు మూడు వ్రేళ్ళను గోళ్ళ వరకు జాలము కలుపుచున్నది. వెనుకవ్రేలు చిన్నదై, కొంచెము పైకి జరిగి, విడిగా ఉన్నది. సముద్రతీరమున ఎగురు గల్ పక్షులకును ఇట్లే ఉండును. పులికాటునకు శీతకాలమున గుంపులు గుంపులుగా వచ్చు రాజహంసలకును, అనగా ఫ్లెమింగోలకును, ఇట్లే ఉండును. కొంగ వలె పొడుగు కాళ్ళతో నీటిలో నిలువబడు ఆ పక్షి కాలి క్రింద బాతుపాదమున్నదని చాలమంది ఎరుగరు.

నేలపట్టు గూడబాతుల సంగతి వేరు. గూడబాతు (చింకబాతు అనియు అందురు) క్రింది ముక్కునకు సంచి వ్రేలాడు పెద్ద పక్షి. దాని కాలికి నాలుగు వ్రేళ్ళును ఒకే జాలములో ఉన్నవి. వెనుకకుండవలసిన వ్రేలు లోపలివైపునకు తిరిగి తక్కిన మూటితో కలిసిపోయినది. నీటికాకికిని, మెడ మాత్రమే నీటిపై కనబడునట్లు పామువలె ఈదు పాముమెడ పక్షికిని ఇట్లే. ఇచ్చట ఒక విశేషమున్నది. నేలపట్టులో నీటి నడుమ పెరిగిన కడప చెట్లు కలవు. ఈశాన్య ఋతుపవనముల వానలు పడి చెరువు నిండగానే గూడబాతులు ఆ చెట్ల కొమ్మలపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. మేతకు పులికాటు వరకు పోయివచ్చును. తెడ్డువంటి పాదముతో కొమ్మపై నిలుచుట సాధ్యమా అని అనుమానము కలుగును. నాలుగవ వ్రేలు కూడ ముందుకు వచ్చి జాలములో చేరుటచే ఆ పాదము విశాలమైనది. మెత్తని ఆ పాదమును కొమ్మపై మడచి ఆ పక్షి నిలువగలదు. పిచ్చుక వలె గట్టిగా పట్టలేదు గాని, నిలువగలదు. చెట్టుపై దిగునప్పుడు మాత్రము దాని అవస్థ చూడవలసినదే.

ఇక ప్రతి చెరువులోను కనబడు రెండు పక్షులు కలవు. ఒకటి మునుగుడుకోడి. పిడికెడంత ఉండి, మనము చూచునంతలో మునిగి మరియొక చోట తేలును. రెండవది బొల్లికోడి, నల్లని దేహము, నుదుట తెల్లని బొల్లి. ఈ రెండింటికిని జాలము లేదు. దానికి బదులు ప్రతి వ్రేలికిని ఇరుప్రక్కల ఆకువలె తోలు రెక్కలున్నవి. వ్రేళ్ళు విడివిడిగా ఉన్నను ఒక్కొక్క వ్రేలు ఒక్కొక్క చిన్న తెడ్డు. చెరువులో బ్రతుకుచునే జాలమునకు పూర్తిగా దూరముగా ఉన్నవియు కలవు. నీటి అంచున నిలుచు కొంగకు జాలము లేదు. తామరాకులపై నడచు తామరకోడికి జాలమునకు మారుగా మిక్కిలి పొడుగైన వ్రేళ్ళున్నవి. తన బరువును ఆకంతట పంచుకొని అది మునుగకుండ నడచును.

ఈదునప్పుడు జాలము చేయు పనిని ఒక లెక్కతో చూతము. నీటిలో ముందునకు పోవలెనన్న నీటిని వెనుకకు త్రోయవలెను. ఇది న్యూటన్ మూడవ సూత్రము. ఒక పక్షి తన కాలితో 1 కిలోగ్రాము నీటిని సెకనుకు 2 మీటర్ల వేగముతో త్రోసినదనుకొనుడు. ఆ నీటి ద్రవ్యవేగము 1 × 2, అనగా 2. మరియొక పక్షి 4 కిలోగ్రాముల నీటిని సెకనుకు అర మీటరు వేగముతో త్రోసినది. దాని ద్రవ్యవేగమును 4 × ½, అనగా 2 మాత్రమే. కనుక రెండు పక్షులకును ముందునకు లభించిన తోపు సమానము. ఇప్పుడు ఖర్చు చూడుడు. గతిశక్తి ద్రవ్యరాశిలో సగమును వేగము యొక్క వర్గముతో గుణించిన వచ్చును. మొదటి పక్షి నీటికిచ్చిన శక్తి ½ × 1 × 4, అనగా 2 జౌళ్ళు. రెండవ పక్షి ఇచ్చినది ½ × 4 × ¼, అనగా అర జౌలు. ఒకే తోపునకు రెండవ పక్షి నాలుగవ వంతు శక్తిని మాత్రమే ఖర్చు పెట్టినది. కొంచెము నీటిని వేగముగా త్రోయుటకంటె ఎక్కువ నీటిని మెల్లగా త్రోయుట లాభము. వెడల్పైన పాదమునకే అది సాధ్యము. పడవవాడు కర్రతో కాక వెడల్పాటి తెడ్డుతో నీటిని త్రోయుటకు కారణమిదే.

అయితే వెడల్పు ఒక్కటే చాలదు. వెనుకకు త్రోసిన కాలిని మరల ముందునకు తేవలెను గదా! అప్పుడును పాదము విప్పియే ఉన్నచో సంపాదించినదంతయు పోవును. పడవవాడు తెడ్డును నీటినుండి పైకెత్తి ముందునకు తెచ్చును. బాతు కాలిని పైకెత్తదు; వ్రేళ్ళను దగ్గరకు ముడిచి, గొడుగు మూసినట్లు పాదమును సన్నముగా చేసి ముందునకు తెచ్చును. కనుక జాలము యొక్క గొప్పతనము విప్పారుటలో ఎంతయో ముడుచుకొనుటలో అంతయు ఉన్నది. చెక్కతెడ్డునకు ఈ గుణము లేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాల్యమున చిత్రకారుల రంగుపలకల వంటి చెక్కలు రెండు చేసి చేతులకు తొడుగుకొని ఈదెనట. వేగము పెరిగినది గాని మణికట్లు నొప్పి పుట్టినవని ఆయనయే వ్రాసెను.

చాలకాలము శాస్త్రజ్ఞులు జాలపాదమును కేవలము తెడ్డుగానే భావించిరి. స్వీడను శాస్త్రజ్ఞులు యోహాన్సన్, నోర్‌బెర్గ్ అనువారు నీటికాకి ఈతను పరిశీలించి 2003లో మరియొక సంగతి ప్రకటించిరి. నీటిలో మునిగి ఈదునప్పుడు నీటికాకి కాలు వెనుకకు మాత్రమే కాక పైకిని కదలుచుండును. అప్పుడు త్రికోణాకారమైన జాలము కొన్ని విమానముల త్రికోణపు రెక్క వలె పనిచేసి, ఉత్థాపక బలమును పుట్టించి, ఆ బలముతో పక్షిని ముందునకు నడుపును. విమానమును రెక్క పైకెత్తినట్లే నీటికాకిని దాని కాలు ముందునకు లాగుచున్నదన్నమాట. మునుగుడుకోళ్ళ జాతి పక్షులలో విడివిడి వ్రేళ్ళు ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న రెక్కగా పనిచేయునని కూడ వీరే చూపిరి. చూపునకు అసంపూర్ణమైన జాలమువలె కనబడు ఆ పాదము అసంపూర్ణమైనది కాదు. అది వేరొక ఉపాయము.

రాజహంసకు జాలముతో ఈతకంటె నిలుకడ పని ఎక్కువ. పులికాటు అడుగున మెత్తని బురద. బరువు ఎంత ఎక్కువ వైశాల్యముపై పంచబడిన పీడనము అంత తక్కువ. కనుక కాలు దిగబడదు. ఆ పాదముతోనే బురదను త్రొక్కి కదిపి, తల తలక్రిందులు చేసి, సూక్ష్మజీవులను ముక్కుతో వడకట్టుకొనును. లోతు వచ్చినచో ఈదను కూడ ఈదును.

ఇప్పుడు ఒక చిక్కుప్రశ్న. ఈ పక్షులలో ఏది దేనికి చుట్టము? 1758లో లిన్నేయస్ జాలపాదములు గల పక్షులను చాలవరకు ఒకే వర్గమున చేర్చెను. తరువాతి వారు నాలుగు వ్రేళ్ళును కలిసిన వానినన్నిటిని, గూడబాతు, నీటికాకి, పాముమెడ పక్షి మొదలగువానిని, ఒక ప్రత్యేక కుటుంబముగా భావించిరి. పాదమింత విచిత్రముగా ఉన్నప్పుడు అది ఒకే పూర్వీకునినుండి వచ్చియుండవలెనని వారి తర్కము. జన్యుపదార్థమును పోల్చి చూచుట మొదలైన తరువాత ఈ అంచనాలు తారుమారైనవి. గూడబాతునకు మిక్కిలి దగ్గరి చుట్టములు ఆఫ్రికాలోని షూబిల్, హామర్‌కాప్ అను పక్షులు. వానికి అట్టి జాలము లేదు. నీటికాకి, పాముమెడ పక్షి వేరు శాఖలోనికి పోయినవి. వీనికంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి. రాజహంసకు బాతు చుట్టము కాదు, కొంగయు కాదు. ఇప్పుడున్న పక్షులలో దానికి మిక్కిలి దగ్గరిది మునుగుడుకోళ్ళ జాతి! పులికాటులో నిలిచిన ఆ పొడుగుకాళ్ళ గులాబి పక్షియు, మన ఊరి కుంటలో మునుగు పిడికెడు పక్షియు ఒకే కొమ్మకు పూచినవి. ఒకదానికి నిండుజాలము, రెండవదానికి ఆకువ్రేళ్ళు.

అనగా జాలము పక్షులలో ఒక్కసారి పుట్టి సంక్రమించినది కాదు. వేరు వేరు వంశములలో వేరు వేరుగా, పలుమారులు వచ్చినది. ఇంత సులభముగా పలుమారులు ఎట్లు రాగలిగినది? క్రొత్త అవయవము పుట్టుట అంత తేలిక కాదు గదా! ఈ ప్రశ్నకు సమాధానము గ్రుడ్డులో ఉన్నది.

కోడిగ్రుడ్డు 21 దినములకు పిల్ల అగును. బాతుగ్రుడ్డునకు సుమారు 28 దినములు పట్టును. పిండదశలో మొదట కాలు ఒక మొగ్గగా బయలుదేరును. ఆ మొగ్గ కొన చదునై చిన్న తెడ్డు వలె అగును. దానిలో వ్రేళ్ళ ఎముకలకు గుర్తులు గీతలుగా ఏర్పడును. ఈ దశలో కోడిపిండమునకును బాతుపిండమునకును పాదము ఒకటే. రెండింటికిని వ్రేళ్ళ నడుమ నిండుగా కణజాలమున్నది. తరువాత, సుమారు ఏడు ఎనిమిది దినముల వయస్సున, కోడిపిండములో వ్రేళ్ళ నడుమనున్న కణములు చనిపోవ నారంభించును. గాయము వలన కాదు, రోగము వలన కాదు. చావవలెనను సంకేతము అందగా అవి తమంతట తామే ముడుచుకొని ముక్కలగును. ఆ ముక్కలను ఇతర కణములు మ్రింగివేయును. శిల్పి రాతిలో అక్కరలేని భాగమును చెక్కివేసినట్లు వ్రేళ్ళు విడివడును. అమెరికాలో జాన్ సాండర్స్, అతని సహచరులు కోడిపిండపు రెక్కలో ఇట్టి కణమరణమును గూర్చి 1962లో వివరించిరి. ఈ విధమైన చావునకు 1972లో అపాప్టోసిస్ అను పేరు వచ్చినది. చెట్టునుండి ఆకులు రాలుట అని ఆ గ్రీకు మాటకర్థము.

బాతుపిండములో వ్రేళ్ళ నడుమ ఈ చావు చాలవరకు జరుగదు. అంతే. కనుక బాతునకు తోలు క్రొత్తగా చేరలేదు. కోడికి పోయినది బాతునకు పోలేదు. ఇందాక గుర్తుంచుకొనుమన్న కోడివ్రేళ్ళ మొదళ్ళలోని చర్మము ఆ చెక్కుటలో మిగిలిన శేషము.

సంకేతమేమిటో కూడ కొంతవరకు తెలిసినది. బి.ఎం.పి. అను ప్రోటీనులు వ్రేళ్ళ నడుమ కణములకు చావు సంకేతమునిచ్చును. 1996లో ఝౌ, నిస్వాండర్ అనువారు కోడిపిండపు కాలిలో ఆ సంకేతము అందకుండ అడ్డగించిరి. అప్పుడు కోడిపిండమునకు బాతుపాదము వంటి జాలపాదము ఏర్పడినది! మరి సహజముగా బాతులో ఎవరు అడ్డుచున్నారు? బాతుపిండపు వ్రేళ్ళ నడుమ గ్రెమ్లిన్ అను మరియొక ప్రోటీను తయారగుచున్నదనియు, అది బి.ఎం.పి.లను పట్టి నిలుపుచున్నదనియు 1999లో కనుగొనిరి. కోడికిని గ్రెమ్లిన్ జన్యువు ఉన్నది. అది ఎచ్చట, ఎప్పుడు పనిచేయవలెనను విషయముననే తేడా. గబ్బిలపు రెక్కలో వ్రేళ్ళ నడుమ తోలు నిలుచుటలో కూడ గ్రెమ్లినునకు భాగమున్నదని 2006లో తెలిసినది. కనుక జాలము పలు వంశములలో పలుమారులు వచ్చుటలో వింత లేదు. ప్రతిసారి క్రొత్తగా నిర్మింపనక్కరలేదు. ఉన్నదానిని తీసివేయు పనిని కొంత ఆపిన చాలును. ఎంత ఆపితే అంత జాలము. మునుగుడుకోడికిని, బాతునకును, గూడబాతునకును ఉన్న తేడాలు ఈ కొలతలోని తేడాలే అని స్థూలముగా చెప్పవచ్చును.

ఇప్పుడు లామార్క్ వద్దకు మరలి వత్తము. బాతుపిల్ల గ్రుడ్డులో ఉన్నప్పుడు ఒక్క చుక్క నీటిలోనైనను ఈదలేదు. అయినను జాలముతోనే బయటికి వచ్చుచున్నది. తల్లిదండ్రులు ఈది సాగదీసిన చర్మము పిల్లకు సంక్రమించినదందురా? మన ఆడపిల్లలకు వేల సంవత్సరములుగా చెవులు కుట్టుచున్నాము. నేటికిని ప్రతి పాపకు మరల కుట్టవలసియే యున్నది. దేహమునకు జీవితకాలమున కలిగిన అట్టి మార్పు బీజకణములలోనికి ఎక్కదు. జరిగినదిది: పూర్వపు పక్షులలో కొన్నిటికి పుట్టుకతోనే జాలము ఒక వెంట్రుకవాసి ఎక్కువ మిగిలినది. నీటిలో మేత వెదకు బ్రతుకులో వానికి కొంచెము సౌకర్యము కలిగినది. అవి ఎక్కువ పిల్లలను పెంచినవి. ఆ పిల్లలకును ఆ జన్యుభేదమే వచ్చినది. ఇట్లు వేలకొలది తరములు. ఈత జాలమును సాగదీయలేదు. జాలము ఎక్కువ ఉన్నవానిని ఏరినది.

డార్విన్ 1859 నాటి తన గ్రంథములో ఇందుకు అనుకూలమైన రెండు సాక్ష్యములను చూపెను. దక్షిణ అమెరికాలో మిట్టభూములపై గడ్డి మేయు ఒక జాతి బాతు నీటిదరికి అరుదుగా పోవును, దానికిని జాలపాదములే. ఫ్రిగేట్ పక్షి సముద్రముపై ఎగురును గాని నీటిపై వాలదు. దానికిని వ్రేళ్ళ నడుమ జాలమున్నది, కొంత తగ్గినదై. వాడుక మారినను పాదము వెంటనే మారలేదు. ఈ పక్షుల పూర్వులు నీటిలో బ్రతికినవని ఆ పాదము చెప్పుచున్నది.

మనుష్యుని సంగతియు ఇదే. తల్లిగర్భములో సుమారు ఆరవ వారము నాటికి శిశువు చేయి తెడ్డువలె ఉండును. ఎనిమిదవ వారమునకు వ్రేళ్ళు విడివడును. ఎప్పుడైన ఈ పని పూర్తిగా జరుగనిచో శిశువు అతుకు వ్రేళ్ళతో పుట్టును. సుమారు రెండు మూడు వేల జననములలో ఒకటి ఇట్లుండును. చేతిలో నడిమివ్రేలికిని ఉంగరపువ్రేలికిని నడుమ, కాలిలో రెండవ మూడవ వ్రేళ్ళ నడుమ ఇది తరచుగా కనబడును. బుద్ధుని ముప్పదిరెండు మహాపురుష లక్షణములలో వ్రేళ్ళ నడుమ జాలముండుటయు ఒకటిగా చెప్పుదురు. మన ఊళ్ళలో మాత్రము దీనిని గ్రహణపు దోషమనియు, తల్లి చేసిన తప్పనియు అనువారు ఇంకను కలరు. తరగతిలో అట్టి బాలుడున్నచో ఉపాధ్యాయుడు ఈ పాఠమును చెప్పునప్పుడు ఒక్క మాట చేర్చవలెను: అందరికిని మొదట అట్టి చేయియే ఉండెను. అవసరమైనచో శస్త్రచికిత్సతో వ్రేళ్ళను విడదీయవచ్చును.

పక్షులను విడిచి తక్కిన జంతువులను త్వరగా చూతము. బావులలో మనుష్య అలికిడి వినగానే నీటిమీద గెంతుకొనుచు పారిపోవు చిన్న కప్పకు వెనుకకాళ్ళ జాలము వ్రేళ్ళ కొనల వరకు ఉండును. తోటలో, ఇంటి మూలలో ఉండు గరుకుచర్మపు కప్పకు అది తక్కువ. కప్పలలో జాలము ఏర్పడు విధము కొంచెము వేరు. వానిలో వ్రేళ్ళు విడివడుటకు కణమరణము కంటె వ్రేళ్ళు వేగముగా పొడుగగుటయే ముఖ్యము. మొసలికి వెనుకకాళ్ళలో జాలము కలదు. చెరువు తాబేటికి కలదు. నెల్లూరు, శ్రీహరికోట తీరమున గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేటికి వ్రేళ్ళన్నియు ఒకే తోలులో బిగిసి కాలు తెడ్డుగా మారినది. అది నేలపై నడుచుటకు పడు పాట్లు చూచినవారికి తెలియును. కోరింగ మడ అడవులలోని నీటికుక్క పాదములకును జాలము కలదు. ఇక పడమటి కనుమలలోని ఒక చెట్టుకప్ప తన నాలుగు పాదముల జాలములను విప్పి గొడుగులవలె పట్టి, చెట్టునుండి చెట్టునకు గాలిలో జారును. ఇట్టి కప్పను గూర్చి ఆల్‌ఫ్రెడ్ వాలెస్ తన మలయా యాత్రాగ్రంథములో 1869లో వ్రాసెను. త్రోయునది నీరైన నేమి, గాలియైన నేమి, వైశాల్యము వైశాల్యమే.

గూడబాతు జాలమునకు ఈతకు సంబంధము లేని మరియొక పనియు ఉన్నది. చాల పక్షులకు పొదుగు కాలమున పొట్టపై ఈకలు రాలి వెచ్చని చర్మము బయటపడును; దానిని గ్రుడ్లకు ఆనించి పొదుగును. గూడబాతునకు అట్టి చోటు లేదు. రక్తనాళములు నిండిన తన పాదజాలములతో గ్రుడ్లను తాకుచు, వానిపై నిలిచి పొదుగును. అంత బరువును గ్రుడ్డుపెంకు ఓర్చుకొనవలెను. అమెరికాలో కాలిఫోర్నియా తీరమున 1970 ప్రాంతమున గోధుమవన్నె గూడబాతుల గూళ్ళలో గ్రుడ్లు దాదాపు అన్నియు పగిలిపోయినవి. డి.డి.టి. చేపలగుండ తల్లిపక్షి దేహము చేరి పెంకులో సున్నము సరిగా చేరకుండ చేసినది. పలుచబడిన పెంకు తల్లి పాదముల క్రింద చితికినది. 1972లో ఆ దేశమున డి.డి.టి. వాడుకను చాలవరకు నిషేధించిరి. తరువాత ఆ పక్షులు కోలుకొన్నవి. నేలపట్టు పక్షులు తిను చేపలును మన పొలముల నీరు చేరు సరస్సులోనివే గనుక ఈ కథ విజ్ఞానశాస్త్రపు తరగతిలో చెప్పదగినది.

నేలపట్టునకు పోవువారు దూరదర్శినితో గూళ్ళవైపు చూచునప్పుడు, తల్లిపక్షి లేచి నిలిచిన క్షణమున దాని పాదములను చూడవలెను. పోలేనివారు ఊరి చెరువునకు ఉదయముననే పోయి, నీరు తీసిన తడిబురదలో అడుగుల గుర్తులను వెదకవచ్చును. వ్రేళ్ళ గీతలు విడిగా, పొడుగుగా ఉన్నచో కొంగ. మూడు గీతల నడుమ మెత్తని బురద చదునుగా నొక్కబడి, ముందంచు వంపుగా ఉన్నచో బాతు. ప్రతి గీతకును ఇరుప్రక్కల గుండ్రని అంచులున్నచో బొల్లికోడి. మునుగుడుకోడి గుర్తు మాత్రము దొరకుట కష్టము. దాని కాళ్ళు దేహమునకు మిక్కిలి వెనుకనుండుటచే అది గట్టునెక్కుట అరుదు. గుర్తులు ఎండకముందే కాగితముపై కొలతలతో గీసికొని, మాంసపు దుకాణమునుండి తెచ్చిన కోడికాలితో పోల్చి చూడుడు.